పన్నెండు లక్షల్లో ఇంటర్ కుర్రాళ్ల కామెడీ: ఖర్చు తగ్గాల్సింది సెట్‌లో కాదు, స్క్రిప్టులో

ప్రశ్న: మాది జనగామ దగ్గర ఒక పల్లె. వయసు 27. రెండు షార్ట్ ఫిల్ములు తీశాను, ఇప్పుడు పూర్తి నిడివి సినిమా తీయాలని ఉంది. కథ 2007లో జరుగుతుంది. ముగ్గురు ఇంటర్ సెకండియర్ దోస్తులు. ఒకడు ఫిజిక్స్ తప్పి ఇంట్లో చెప్పడు. సప్లిమెంటరీ ఫీజు కోసం, ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా ఫోన్ కోసం ముగ్గురూ పడే తిప్పలే కామెడీ. స్క్రిప్టు 128 పేజీలు వచ్చింది. లొకేషన్లు 41, మాటలున్న పాత్రలు 34. బతుకమ్మ రాత్రి, క్రికెట్ టోర్నమెంటు, బండ్ల మీద చేజ్, వాన పాట, మేకపోతు దొంగతనం ఉన్నాయి. హీరో తమ్ముడికి పదకొండేళ్లు. చేతిలో 12 లక్షలున్నాయి, నాలుగు నావి, ఎనిమిది దోస్తులవి. ఏ కెమెరా తీసుకోవాలి? డబ్బింగ్ చెప్పించాలా? మా ఊరి పిల్లలతో చేయించొచ్చా? తీశాక ఎక్కడ అమ్మాలి?
ఒక పాఠకుడు, జనగామ జిల్లా

సమాధానం: కెమెరా సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ ఉత్తరంలో ఉన్న మూడు అంకెలు చూడండి: 128 పేజీలు, 41 లొకేషన్లు, 34 పాత్రలు. కథ చిన్నదే, బాగుంది. ఈ అంకెలు మాత్రం 12 లక్షల సినిమావి కావు.

స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం. మీ డబ్బుతో గట్టిగా 20 రోజులు షూటింగ్ చేయగలరు. 128 పేజీల్ని 20 రోజులకు పంచితే రోజుకు ఆరు పేజీలు దాటుతుంది. కొత్త కుర్రాళ్లతో, మాటల మీద నడిచే కామెడీని రోజుకు ఐదున్నర పేజీలకు మించి తీయలేరు. పట్టుబట్టి తీస్తే సీనుకు రెండే టేకులు దొరుకుతాయి, ఆ రెండూ డైలాగు గుర్తు చేసుకోవడానికే సరిపోతాయి. కామెడీకి ప్రాణం టైమింగు. అది కుదిరేది ఐదో టేకులోనో ఏడో టేకులోనో, మాట నోటికి అలవాటై కుర్రాడు ఎదుటివాణ్ని వినడం మొదలుపెట్టాక. పెద్ద సినిమాకు గ్రాఫిక్స్ ఎలాగో ఈ తరహా సినిమాకు టేకులు అలాగ. స్క్రిప్టులో మిగిల్చిన ప్రతి రూపాయీ టైమ్ కొనడానికే పోవాలి.

కాబట్టి స్క్రిప్టును 95 పేజీలకు, పాత్రల్ని 14కు, లొకేషన్లను ఎనిమిదికి దించండి. కత్తెర వేయడమంటే సీన్లు పీకేయడం ఒక్కటే కాదు, కలపడం కూడా. ఇలాంటి కథలో ఫిజిక్స్ లెక్చరర్ ఒకరు, ట్యూషన్ సారు ఒకరు, నెట్ సెంటర్ ఓనరు ఒకరు ఉంటారు. ఆ ముగ్గుర్నీ ఒక్కడిని చేయండి. సాయంత్రం ట్యూషన్ చెప్పే సారే పగలు నెట్ సెంటర్ నడుపుతాడు. అప్పుడు కుర్రాడు రిజల్ట్ చూసుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ, ఏ మనిషికి తెలియకూడదో ఆ మనిషి ముందే కూర్చోవాలి. ఇద్దరు నటుల ఖర్చు మిగిలింది, రెండు లొకేషన్లు ఒకటయ్యాయి, నవ్వు కూడా పెరిగింది.

లొకేషన్ మారడానికి ఎంత పోతుందో లెక్క వేసుకోండి. లైట్లు దించి, కేబుళ్లు చుట్టి, ఆటో ట్రాలీకి ఎక్కించి, కొత్త చోట మళ్లీ సర్దుకునేసరికి గంటన్నర. 12 గంటల రోజులో రెండుసార్లు మారితే మూడు గంటలు అందులోనే పోయాయి. భోజనం, టీలు కలిపి మరో గంటన్నర. ఇక మిగిలేది ఏడున్నర గంటలు. అందుకే ఇల్లు, గల్లీ, కిరాణా కొట్టు, వాటర్ ట్యాంకు, నెట్ సెంటర్ ఒకదానికొకటి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేలా ఊరినే ఎంచుకోండి. ముందు ఊరు, ఆ తర్వాత సీన్లు. 1994 నాటి అమెరికన్ సినిమా ‘క్లర్క్స్’ ఇందుకు మంచి పాఠం. కెవిన్ స్మిత్ దాన్ని తను పనిచేసే కొట్లోనే, కొట్టు మూశాక రాత్రిళ్లు తీశాడు. ఖర్చు 27,575 డాలర్లు. కథేమో పగలు జరగాలి, షట్టర్ ఎత్తితే బయటి చీకటి పట్టుబడుతుంది. అందుకని ఎవరో తాళంలో చూయింగ్ గమ్ కుక్కారని, షట్టర్ లేవట్లేదని కథలోనే రాసుకున్నాడు. లోటును దాచిపెట్టే బదులు దాన్నే పాత్ర నెత్తిన పెట్టాడు. మీరూ అలాగే రాయాలి.

బతుకమ్మ రాత్రికి మూడు వందల మందిని, లైట్లను, జనరేటర్‌ను తేలేరు. దాని ముందు రోజు పొద్దున్నే ముగ్గురు కుర్రాళ్లు గునుగు, తంగేడు పూలు కోయడానికి చెలకల్లోకి వెళ్లడం రాయండి. ముగ్గురు మనుషులు, ఒక గంప, పొద్దుటి వెలుతురు. అమ్మకు పూలు తెచ్చిస్తే మార్కుల సంగతి అడగదని ఫిజిక్స్ తప్పినవాడి ఆశ. రాత్రి సీను తప్పదనుకుంటే గల్లీ మలుపులో నిల్చుని చూసే ముగ్గురి మొహాలు చూపించండి, పాట, చప్పట్లు తెర బయటి నుంచి వినిపించండి. జనాన్ని చెవికి చూపిస్తే చాలు. క్రికెట్ టోర్నమెంటూ అంతే. షామియానా కింద మైకు పట్టుకున్న కామెంటేటరు, స్కోరు బోర్డు, బౌండరీ బయట కూర్చున్న ముగ్గురు. మన ఊళ్లలో ఆటకంటే కామెంటరీయే ఎక్కువ నవ్విస్తుంది. చేజ్ తీసేయండి. పారిపోవాల్సిన సమయానికి టీవీఎస్ ఎక్సెల్ స్టార్ట్ కాకపోతే మీకు కావాల్సిందంతా అక్కడే ఉంది, రోడ్డు ఆపక్కర్లేదు, ఎవడి కాలూ విరగదు. వాన పాట ఈ బడ్జెట్‌లో వద్దే వద్దు. ట్యాంకర్లు, ప్రతి మనిషికీ మూడు జతల బట్టలు, తడి నేల మీద కరెంటు తీగలు, లైవ్ సౌండ్ (సెట్‌లోనే రికార్డు చేసే మాటలు) పూర్తిగా పోవడం. రెండు రోజులు మింగేస్తుంది.

ఇప్పుడు మీ కథలో ఎలాగూ రావాల్సిన సీను ఒకటి దగ్గరగా చూద్దాం. ఫిజిక్స్‌లో 60కి 21 రావాలి, వాడికి 19 వచ్చాయి. రాత్రి తండ్రీకొడుకులు అన్నం తింటున్నారు.

“ఫిజిక్స్‌ల ఎన్నొచ్చినయ్ రా?”
“ఇంకా తెల్వదు నాయినా. సర్వర్ డౌన్ ఉన్నది.”
తండ్రి ముద్ద కలిపి, నోట్లో పెట్టుకుని, నమిలి మింగాక: “ఎవరా సర్వర్? నేనొచ్చి మాట్లాడ్త తియ్.”

ఈ సీనులో తండ్రి జోకు వేయట్లేదు. సర్వర్ అంటే మనిషే అనుకున్నాడు. కొడుకు కోసం ఆ మనిషి దగ్గరికి వెళ్లి బతిమాలడానికి సిద్ధమయ్యాడు. అందుకే నవ్వొస్తుంది, అందుకే కొడుకు గొంతులో ముద్ద దిగదు. నటుడు ‘కామెడీ చేస్తున్నాను’ అనుకుంటే సీను చచ్చిపోతుంది. ఇక్కడ తల్లి నవ్వే షాట్ పెట్టకండి. తెర మీద ఒకరు నవ్వితే ప్రేక్షకుడి పని వాళ్లు చేసేసినట్టే. వెనక టింగుమని మ్యూజిక్కూ వద్దు.

కెమెరాను నేల మీద కూర్చున్నవాళ్ల కంటి ఎత్తులో పెట్టి, ఇద్దరూ రెండు కంచాలూ కనిపించే షాట్‌లో సీను మొత్తం ఐదారుసార్లు తీయండి. వెనక పొయ్యి దగ్గర తల్లి ఉండాలి, ఆమె చేతులు ఒక్క క్షణం ఆగితే చాలు. తర్వాత కొడుకు మొహం ఒక్కటే, తండ్రి మొహం ఒక్కటే విడివిడిగా తీయండి. విడి షాట్లలో ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడనివ్వకండి, పడితే ఎడిటింగ్‌లో కోయలేరు. ఒకరి మీద ఒకరు మాట్లాడటం ఇద్దరున్న షాట్‌లోనే ఉండాలి. తండ్రి చివరి మాట అన్నాక పది సెకన్లు కట్ చెప్పకండి. మీ సినిమాలోని మంచి క్షణాల్లో సగం ఆ పది సెకన్లలోంచే వస్తాయి.

ఈ ‘సర్వర్’ మాటను అక్కడితో వదలకండి. కథ ముప్పావు వంతు నడిచాక తండ్రి నిజంగానే నెట్ సెంటర్‌కు వెళ్తాడు. భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకుని, “సర్వర్ సారు ఉన్నడా?” అని అడుగుతాడు. అక్కడున్న కుర్రాళ్లు నవ్వుతారు. మూలన కూర్చున్న కొడుకు నవ్వలేడు. మొదటిసారి ప్రేక్షకుణ్ని నవ్వించిన మాటే రెండోసారి కుర్రాణ్ని పెద్దవాణ్ని చేయాలి. ఎదిగే వయసు కథలకు ఉపన్యాసం లాంటి క్లైమాక్స్ అక్కర్లేదు, ఇలాంటి మలుపు ఒక్కటి సరిగ్గా పడితే చాలు. మీ 128 పేజీల్లో అలా రెండుసార్లు వచ్చే మాట ఏదైనా ఉందేమో వెతకండి. ఉంటే దాని చుట్టూ మిగతాదంతా తగ్గించుకుంటూ రండి.

ఊరి పిల్లలతో చేయించొచ్చా అంటే, తప్పకుండా. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో చాలామంది ఆ ప్రాంతం వాళ్లే, అంతకు ముందు సినిమాల్లో నటించనివాళ్లు. అయితే ముగ్గురు హీరోలకు 18 నిండిన కుర్రాళ్లనే తీసుకోండి. ఇంటర్ చదివేవాడిని తీసుకుంటే క్లాసులు, పరీక్షలు, ఇంట్లోవాళ్ల అనుమతులు అన్నీ మీ షెడ్యూల్ మీద పడతాయి. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పలచటి మొహం ఇంటర్ కుర్రాడిగా చక్కగా సరిపోతుంది. గడ్డం, మీసం, జుట్టు ఎలా ఉండాలో రాతపూర్వకంగా ముందే ఒప్పించుకోండి. షూటింగ్ మధ్యలో ఎవరి పెళ్లికో కటింగ్ చేయించుకుని వస్తే ఇరవై సీన్లు పాడవుతాయి.

ఊళ్లో అందరినీ నవ్వించేవాణ్ని చూసి మోసపోకండి. వాడు కెమెరా ముందూ నవ్వించాలనే చూస్తాడు, ఎదుటివాడి మాట వినడు. ఎంపికకు డైలాగు చదివించే బదులు ఒక పని ఇవ్వండి: “ఫెయిలైన సంగతి ఫోన్లో మీ నాన్నకు చెప్పు.” గలగలా మాట్లాడినవాడి కంటే, ఫోన్ చెవిన పెట్టుకుని కాసేపు ఏమీ అనలేకపోయినవాడు మీ హీరో. తర్వాత 15 సాయంత్రాలు ముగ్గుర్నీ కలిపి కూర్చోబెట్టండి. సీను విషయం చెప్పి వాళ్ల మాటల్లో ఆడించండి, ఫోన్లో రికార్డు చేసుకుని బాగున్న మాటల్ని స్క్రిప్టులో ఎక్కించండి. జనగామ యాస మీరు రాసినట్టు కాదు, వాళ్లు పలికినట్టు ఉండాలి.

పదకొండేళ్ల తమ్ముడి విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలు నటించాలంటే షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, అనుమతి ముందే తీసుకోవాలి. ఫారం సి హామీపత్రం, తల్లిదండ్రుల సమ్మతి, సెట్‌లో పిల్లవాడి బాధ్యత చూసే మనిషి పేరు ఇవ్వాలి. రోజుకు ఐదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి చేయించకూడదు. ఇచ్చే డబ్బులో కనీసం 20 శాతం వాడి పేరున జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. చిన్న సినిమాకు ఎవరడుగుతారులే అనుకోకండి, రేపు ఓటీటీ వాళ్ల లాయరే అడుగుతాడు. తమ్ముడి సీన్లన్నీ నాలుగు పొద్దుటి పూటల్లో సర్దేస్తే అందరికీ హాయి.

డబ్బింగ్ వద్దు. ఇది నా గట్టి మాట. కొత్తవాళ్లు సెట్‌లో సహజంగా చెప్పిన మాటను నెల తర్వాత ఏసీ గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ చెప్పలేరు. పెదాలు కలుస్తాయి, టైమింగు కలవదు, యాస అయితే టెక్స్ట్‌బుక్కులోకి జారిపోతుంది. లైవ్ సౌండ్‌కు ఇద్దరు మనుషులు కావాలి, ఒక రికార్డిస్టు, ఒక బూమ్ (కర్రకు కట్టిన మైకు) పట్టేవాడు. బూమ్ మైకుతో పాటు ముగ్గురు కుర్రాళ్లకూ కాలర్ మైకులు పెట్టండి. రికార్డరు 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేసేది తీసుకోండి, జూమ్ ఎఫ్6 లాంటిది. కామెడీలో గుసగుసలాడుతున్నవాడు ఉన్నట్టుండి అరుస్తాడు. మామూలు రికార్డరులో ఆ అరుపు చిట్లిపోతుంది, ఇందులో తర్వాత తగ్గించుకోవచ్చు.

పల్లెలో ప్రశాంతంగా ఉంటుందనుకోవడం పొరపాటు. బోరు మోటార్లు, రైస్ మిల్లు, గుడి మైకు, పాల వ్యాను, ట్రాక్టర్లు ఉంటాయి. లొకేషన్ చూడటానికి వెళ్లినప్పుడు షూటింగ్ ఏ వేళకో ఆ వేళకే వెళ్లి, పది నిమిషాలు కళ్లు మూసుకుని వినండి. మోటారు కరెంటు ఏ గంటలకు వస్తుందో రైతుల్ని అడిగి రాసుకోండి. ఇంట్లో ఫ్యాను, కూలర్, ఫ్రిజ్ ఆపేయాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళంచెవి అందులో పెట్టండి, వెళ్లేటప్పుడు ఆన్ చేయడం మర్చిపోరు. ప్రతి లొకేషన్‌లో అందరూ కదలకుండా నిల్చుని ఒక నిమిషం ఉత్త గది శబ్దం రికార్డు చేయాలి. అది లేకపోతే ఎడిటింగ్‌లో కట్ పడిన ప్రతిచోటా వెనక నిశ్శబ్దం మారిపోతూ అతుకులు వినిపిస్తాయి.

ఇక కెమెరా. సోనీ ఎఫ్‌ఎక్స్3, బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 6కె స్థాయిలో ఏదైనా సరిపోతుంది. మీ కెమెరామన్ చేతికి ఏది అలవాటైతే అది. సెకనుకు 24 ఫ్రేములు పెట్టండి, కెమెరా షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వేరే షట్టర్ పెడితే ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీ బల్బులు తెర మీద వణకొచ్చు. కొట్లలో, క్లాసుల్లో ముందే టెస్టు చేసి వణికే బల్బులు మార్చేయండి. డేటా లెక్క కూడా చెప్తాను. ఎఫ్‌ఎక్స్3లో సెకనుకు 240 మెగాబిట్ల (ఎంబీపీఎస్) నాణ్యతలో తీస్తే గంటకు 108 జీబీ. 95 నిమిషాల సినిమాకు పది రెట్లు తీశారనుకుంటే దాదాపు 16 గంటలు, 1.7 టీబీ. రోజూ రాత్రి రెండు వేర్వేరు డ్రైవుల్లోకి ఎక్కించి, ఫైళ్లు తెరిచి చూశాకే కార్డు ఖాళీ చేయాలి. ఆ రెండు డ్రైవులూ ఒకే బ్యాగులో ప్రయాణం చేయకూడదు.

2007 అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. అప్పుడు మీది వరంగల్ జిల్లా. జనగామ జిల్లా అయింది 2016 అక్టోబరులో. బండ్ల మీద ఏపీ 36 ఉండాలి, టీఎస్, టీజీ కనిపించకూడదు. రూపాయి గుర్తు వచ్చింది 2010లో, కాబట్టి కిరాణా కొట్టు ధరల బోర్డు మీద ‘రూ.’ అనే ఉండాలి. మిషన్ భగీరథ రాతలు, సీసీ కెమెరాలు, క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు, కొత్త ఫ్లెక్సీలు ఏవీ ఫ్రేములో పడకూడదు. ఊళ్లో కెమెరా ఎటు తిప్పినా ఇవే. అందుకే నెట్ సెంటర్‌లో రిజల్ట్ కోసం ఎదురుచూడటం కథకు అంత ముఖ్యమైతేనే 2007 ఉంచండి. ఉంచితే, పాత గోడలున్న ఒకే గల్లీ, ఇంటి లోపళ్లు, చెలకలు, వీటితోనే సరిపెట్టుకోండి.

డబ్బు ఎలా పంచుకోవాలి? షూటింగ్‌కు 8 లక్షలు, ఆ తర్వాతి పనులకు 2.8 లక్షలు, ముట్టుకోకుండా 1.2 లక్షలు. ఎనిమిదిలో భోజనాలకే 1.4 లక్షలు పోతుంది: 20 మంది, 20 రోజులు, మనిషికి రోజుకు 350. కెమెరా, లెన్సులకు 1.3 దాటనివ్వకండి, సౌండ్‌కు 1.2 కచ్చితంగా ఉంచండి. టెక్నీషియన్లకు 1.6, నటులకు 0.9, లైట్లు, బట్టలు, సామాన్లకు 0.7, ప్రయాణం, బసకు 0.6, రిహార్సల్స్‌కు 0.3. భోజనం కెమెరాకంటే ఎక్కువైందని ఆశ్చర్యపోకండి. తక్కువ డబ్బుకు పనిచేసేవాళ్లు వేళకు వేడి అన్నం లేకపోతే ఆరో రోజుకే విసిగిపోతారు, ఆ విసుగు తెర మీద కనిపిస్తుంది. 20 రోజుల్లో 18 ఒకేసారి తీసి రెండు రోజులు దాచుకోండి. తొలి కూర్పు చూశాక ఏ సీను అతకలేదో తెలుస్తుంది, దానికి ఆ రెండు రోజులు. మొదటి రెండు రోజులు తేలిక సీన్లు పెట్టండి. అన్నం సీను లాంటివి ఆరో, ఏడో రోజుకు.

దోస్తుల ఎనిమిది లక్షలు అప్పా, వాటానా? వాటా అయితే వచ్చిన డబ్బులో మొదట ఎవరికి ఎంత? కెమెరా ఆన్ చేయకముందే స్టాంపు పేపరు మీద రాసుకోండి.

కాగితాల్లో ఎక్కువమంది బోల్తా పడేది ఒకచోటే. రచన మీదైనా, మ్యూజిక్ డైరెక్టరు, పాట రాసినవాళ్లు ఉంటారు కదా. హక్కులు మీకు బదిలీ చేస్తూ రాసే ఒప్పందంలో ఎన్నేళ్లో రాయకపోతే కాపీరైట్ చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తుంది, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే. అమెరికాలోని తెలుగువాళ్లకు చూపిద్దామన్న రోజున మీ చేతిలో హక్కే ఉండదు. ‘కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా’ అని స్పష్టంగా రాయించండి. నటుల నుంచి, ఇల్లు, కొట్టు ఇచ్చినవాళ్ల నుంచి ఒక్కో పేజీ సమ్మతి తీసుకోండి. హిట్ పాటలు కూనిరాగం తీసినా, రింగ్‌టోన్‌గా మోగినా, వెనక టీవీలో ఆడినా హక్కులు కొనాల్సిందే. బతుకమ్మకు మీ ఊరి ఆడవాళ్లతోనే తరతరాలుగా వస్తున్న పాట పాడించి రికార్డు చేసుకోండి. క్యాసెట్టులోదో యూట్యూబ్‌లోదో వాడితే ఆ రికార్డింగు హక్కు ఇంకొకరిది.

సెన్సారు దృష్టిలో రెండు మాటలు. ట్యాంకు కింద బీడీ కాల్చే సీను ఉంటే తీసేయండి. ఉంటే సినిమా మొదట్లో, మధ్యలో 30 సెకన్ల ఆరోగ్య ప్రకటనలు, 20 సెకన్ల హెచ్చరిక వీడియో, సీను నడుస్తున్నంతసేపూ తెర కింద హెచ్చరిక అక్షరాలు తప్పవు. ఆ అక్షరాలు చదువుతూ ఎవరూ నవ్వరు. బూతు మాట వచ్చిన ప్రతి సీనులో బదులు మాటతో ఇంకో టేకు తీసి పెట్టుకోండి. లైవ్ సౌండ్‌లో ఒక మాటను మ్యూట్ చేస్తే వెనక శబ్దమంతా గుంటలా పోతుంది. 2024 నుంచి యూఏ సర్టిఫికెట్ 7, 13, 16 ఏళ్ల వారీగా మూడు రకాలైంది. మీ కథకు యూఏ 13 ప్లస్ లక్ష్యంగా పెట్టుకుని మాటలు చూసుకోండి.

ఎడిటింగ్‌కు కనీసం పది వారాలు పెట్టుకోండి. రెండో కూర్పు అయ్యాక మీతో పరిచయం లేని 25 మందిని చీకటి గదిలో కూర్చోబెట్టి చూపించండి. మూలన ఒక ఫోన్ పెట్టి వాళ్ల శబ్దం మొత్తం రికార్డు చేసి, ఆ ఆడియోను సినిమా పక్కనే టైమ్‌లైన్ మీద పరవండి. నవ్వు ఎక్కడ మొదలైంది, ఎంతసేపు ఉంది, దాని కింద తర్వాతి డైలాగు మునిగిపోయిందా అన్నది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. మునిగితే అక్కడ 12 నుంచి 20 ఫ్రేములు ఊపిరి ఇవ్వండి. నవ్వు వచ్చిన తర్వాత జోకును వివరించే మాట ఉంటే కోసేయండి. “బాగుందన్నా” అన్న మాట కంటే దగ్గులు, కుర్చీల చప్పుళ్లు నిజం చెబుతాయి.

అమ్మకం గురించి నిక్కచ్చిగా చెప్పాలి. 12 లక్షల సినిమాను సొంతంగా థియేటర్లలో వేయొద్దు. థియేటర్లకు సినిమాను చేర్చే డిజిటల్ ప్రొవైడర్ల చార్జీలు, పోస్టర్లు, పబ్లిసిటీ కలిపి సినిమా ఖర్చును దాటేస్తాయి. ముందు ఫెస్టివళ్లు, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఎఫ్‌డీసీ గోవాలో నడిపే వేవ్స్ ఫిల్మ్ బజార్‌లోని (పాత పేరు ఫిల్మ్ బజార్) వర్క్ ఇన్ ప్రోగ్రెస్ విభాగం, కొనేవాళ్లకు సినిమాలు చూపే వ్యూయింగ్ రూమ్. గోవా అంతర్జాతీయ చిత్రోత్సవం (ఇఫీ)లోని భారతీయ సినిమాల విభాగం ఇండియన్ పనోరమాకు ఫీచర్ సినిమా 70 నిమిషాలు దాటాలి, మీకది ఇబ్బంది కాదు. తర్వాత అగ్రిగేటర్ల (చిన్న సినిమాలను ఓటీటీలకు చేర్చే మధ్యవర్తుల) ద్వారా తెలుగు ఓటీటీలు. ఇవన్నీ అయ్యేదాకా సినిమాను యూట్యూబ్‌లో పెట్టకండి, మూడు నిమిషాల సీను కూడా వద్దు. థియేటర్‌లో ఆడించే డిజిటల్ ఫైలైన డీసీపీని డీసీపీ-ఓ-మ్యాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీరే చేసుకుని, ఒక థియేటర్‌లో పొద్దుటి ఆట ముందు అడిగి వేసి చూసుకోండి. ఇంగ్లిషు సబ్‌టైటిల్స్ మాత్రం డబ్బిచ్చి మంచివాళ్లతో రాయించండి. కామెడీలో తరచూ జరిగే నష్టం ఏమిటంటే, నటుడు ఇంకా ముద్ద నములుతుండగానే కింద పూర్తి వాక్యం పడిపోతుంది, చదివినవాడు ముందే నవ్వేస్తాడు. తండ్రి మాటను రెండు టైటిళ్లుగా విడగొట్టాలి. ‘ఎవరా సర్వర్’ ఒకటి. కాస్త ఆగి, అతను నోరు తెరిచాకే ‘నేనొచ్చి మాట్లాడ్త’ రెండోది.

మిగిలింది మేకపోతు. జంతువు తెర మీద కనిపిస్తే యానిమల్ వెల్ఫేర్ బోర్డు నుంచి షూటింగ్‌కు ముందే అనుమతి, అయ్యాక అభ్యంతరం లేదన్న పత్రం కావాలి, అది లేకుండా సెన్సారు ముందుకు కదలదు. ఓపిక ఉంటే ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. లేదంటే దొంగతనాన్ని గోడ ఇవతలి నుంచే తీయండి. ఇద్దరు కుర్రాళ్లు గోడ దూకుతారు. మూడోవాడు ఇవతల కాపలా. అవతలి నుంచి మేక అరుపు, గుసగుసలు, మళ్లీ అరుపు, ఒక తలుపు తెరుచుకున్న చప్పుడు. గోడ మీదికి ముందు ఒక చెయ్యి వస్తుంది, తర్వాత ఇద్దరూ వస్తారు. వాళ్ల చేతిలో తెగిన తాడు ముక్క.